పెద్ద అక్వేరియానికి తేలే మొక్కలు: ముందు చూడాల్సింది నీటి పైభాగాన్ని

తేలే మొక్కకు ఆకు గాలిలో ఉంటుంది, వేరు నీటిలో ఉంటుంది. దాని బలమంతా అక్కడే. నీటిలో మునిగి పెరిగే మొక్కకు ఎప్పుడూ కార్బన్ డయాక్సైడ్ కరువే. ఆ వాయువు నీటిలో వ్యాపించే వేగం గాలిలో కంటే సుమారు 10,000 రెట్లు తక్కువ. అందుకే అడుగున నాటిన మొక్కల కోసం సిలిండర్లు, వాయువును సన్నని బుడగలుగా వదిలే డిఫ్యూజర్లు పెట్టి దాన్ని విడిగా అందిస్తుంటారు. తేలే మొక్కకు ఆ బెడద లేదు. ఆకు పైభాగాన ఉన్న పత్రరంధ్రాలతో గాలి నుంచే కావలసినంత తీసుకుంటుంది. లైటు వెలుగు కూడా మొదట పడేది దాని మీదే. ఇక కావలసిందల్లా నత్రజని, భాస్వరం, పొటాషియం, ఇనుము లాంటి పోషకాలు. వాటిని నీటిలోంచే లాగేస్తుంది. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియా దొరికితే ముందు దాన్నే తీసుకుంటుంది, ఎందుకంటే నైట్రేట్‌ను వాడుకోవాలంటే మొక్క అదనంగా శక్తి ఖర్చు చేయాలి. చేపలకు అన్నిటికంటే ప్రమాదకరమైనదాన్ని అన్నిటికంటే ముందు తినేసే మొక్క ఇది. అక్వేరియంలో దీనికి ఇంత విలువ రావడానికి కారణం అదే.

పెద్ద తొట్టిలో ఇబ్బందికి మూలం కూడా ఈ బలమే. రెండడుగుల తొట్టిలో మొక్కలు కమ్మేస్తే పది నిమిషాల్లో చేత్తో ఏరేయొచ్చు. ఆరడుగులు, ఎనిమిదడుగుల తొట్టి అలా లొంగదు. లైట్లు పక్కకు జరపాలి, మూత తీయాలి, స్టూలెక్కి వెనక మూలల దాకా వల చాచాలి. పైన అద్దాన్ని బలపరచడానికి అంటించిన అడ్డపట్టీల కింద చిక్కుకున్న మొక్కలను వేళ్లతో లాగాలి. ఈ పని వారం వారం చేయాల్సి వస్తే మొదటి నెల ఉత్సాహం మూడో నెలకు మిగలదు. అందుకే పెద్ద అక్వేరియం విషయంలో ఏది అందంగా ఉంటుంది, ఏది వేగంగా పెరుగుతుంది అనే ప్రశ్నలను కాసేపు పక్కన పెట్టాలి. నీటి పైభాగం ఎంత కదులుతోంది, పెరిగినదాన్ని ఎంత తేలిగ్గా తీయగలం, కింద ఉన్న చేపలు ఏమి చేస్తాయి అన్నవి ముందు తేల్చుకోవాలి.

లీటర్ల లెక్క ఇక్కడ పనికిరాదు

అక్వేరియాన్ని లీటర్లలో చెప్పుకోవడం అలవాటు. తేలే మొక్కలకు మాత్రం కావలసిన కొలత నీటి పైభాగం వైశాల్యం. 180 సెం.మీ. పొడవు, 60 వెడల్పు, 60 ఎత్తు ఉన్న తొట్టిలో 648 లీటర్లు పడతాయి. 120 పొడవు, 60 వెడల్పు, 90 ఎత్తు ఉన్న తొట్టిలోనూ సరిగ్గా అన్నే. మొదటిదాని పైభాగం 1.08 చదరపు మీటర్లు, రెండోదానిది 0.72. అంటే అంతే నీరు, అన్నే చేపలు, అంతే మేత ఉన్నా రెండో తొట్టిలో మొక్కలకు దొరికే చోటు మూడో వంతు తక్కువ. గాలిలోని ఆక్సిజన్ నీటిలోకి దిగే దారి కూడా ఆ మేరకు ఇరుకు. ఎత్తు ఎక్కువగా ఉన్న తొట్టిలో తేలే మొక్కలను ఇంకాస్త పొదుపుగా ఉంచాలనడానికి ఇది చాలు.

ఈ మొక్కలు నీటిని శుభ్రం చేస్తాయన్న మాటను కూడా ఒకసారి లెక్క వేసి చూడటం మంచిది. సుమారు 45 శాతం ప్రొటీన్ ఉన్న మేత రోజుకు 10 గ్రాములు వేస్తే అందులో 4.5 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. ప్రొటీన్‌లో నత్రజని దాదాపు 16 శాతం కాబట్టి, తొట్టిలోకి వెళ్లేది 0.7 గ్రాముల నత్రజని. చేపలు ఒంటికి పట్టించుకున్నది తీసేస్తే అర గ్రాము దాకా నీటిలో మిగులుతుందనుకుందాం. నైట్రేట్‌గా మారాక అది 2.2 గ్రాములు, 648 లీటర్ల నీటిలో లీటరుకు రోజూ మూడు మిల్లీగ్రాములకు పైనే పెరుగుతుంది. ఇప్పుడు మొక్కల వైపు చూద్దాం. నీరు కారిపోయేలా పిండిన 100 గ్రాముల తేలే మొక్కల్లో ఎండు పదార్థం ఐదారు గ్రాములే. బాగా పోషకాలు అందిన మొక్కలోనైనా అందులో నత్రజని నాలుగైదు శాతం. అంటే పావు గ్రాము. ఆ అర గ్రామును తీసేయాలంటే రోజుకు 200 గ్రాములు, వారానికి కిలోన్నర దగ్గర మొక్కలు తోడి పారేయాలి. చేపలు కిక్కిరిసిన తొట్టిలో అది జరిగే పని కాదు. నీళ్లు మార్చక తప్పదు. చేపలు పలుచగా ఉండి, రోజుకు రెండు మూడు గ్రాముల మేతతో నడిచే తొట్టిలో మాత్రం మొక్కలు ఆ భారంలో చెప్పుకోదగ్గ వాటా మోస్తాయి.

ఈ లెక్కలో గమనించాల్సింది ఇంకొకటి ఉంది. నత్రజని తొట్టి దాటి బయటికి పోయేది మొక్కను తీసి పారేసినప్పుడే. తీయకుండా వదిలేస్తే కింది ఆకులు కుళ్లి, లాక్కున్నదంతా మళ్లీ నీటిలోకే వదులుతాయి. వేగంగా పెరుగుతుందని పొగిడే ప్రతి మొక్క విషయంలోనూ, ఆ వేగంతో దాన్ని తీయగలమా అని అడగాలి.

కుదుపు

పెద్ద తొట్టికి పెద్ద ఫిల్టర్ ఉంటుంది. గంటకు నాలుగైదు సార్లు నీరంతా తిరగాలనుకుంటే 648 లీటర్లకు గంటకు సుమారు 3,000 లీటర్ల ప్రవాహం కావాలి. ఆ నీరు పైనుంచి పడితే మొక్కలు మునుగుతూ తేలుతూ ఉంటాయి. తేలే మొక్క వేరు తడవడానికి, ఆకు పైభాగం పొడిగా ఉండటానికి పుట్టింది. పత్రరంధ్రాలు ఉన్న వైపు అదేపనిగా తడిస్తే ఆకు పారదర్శకంగా మారి, గోధుమరంగు మచ్చలు పడి, కుళ్లిపోతుంది. మొక్కలు చచ్చిపోతుంటే ఎరువు తక్కువైందేమో అనుకుని సీసాల కొద్దీ పోసేవాళ్లు ఉంటారు. చాలాసార్లు అసలు కారణం ఫిల్టర్ నుంచి వచ్చే నీటి ధార పైకి తిరిగి ఉండటమే. ఆ ధార వచ్చే రంధ్రాల గొట్టాన్ని, అంటే స్ప్రే బార్‌ను, వెనక గోడ వైపుకో, కాస్త కిందికో తిప్పితే అదే మొక్క కోలుకుంటుంది.

సంప్, అంటే తొట్టి కింద ఫిల్టర్ కోసం పెట్టే మరో తొట్టి, ఉన్నచోట సమస్య వేరు. నీటిని అందులోకి దించే గట్టు, అంటే ఓవర్‌ఫ్లో, చేసే పనే పైనీటిని లాగడం. నీటితో పాటు మొక్కలూ అక్కడికే చేరి దువ్వెన పళ్లలాంటి ఆ గట్టును మూసేస్తాయి. మొక్కలు చిన్నవైతే పైపులోకే దిగిపోతాయి. నీరు దిగే దారి మూసుకుపోతే తొట్టి పొంగి నేల మీదికి వస్తుంది. ఇది తేలిగ్గా తీసుకోవాల్సిన విషయం కాదు. సంప్ ఉన్నచోట డక్‌వీడ్, అజొల్లా వంటి చిట్టి మొక్కల ఊసే వద్దు.

ఎయిర్ పంపుకు వాడే సన్నని ట్యూబును కావలసినంత కత్తిరించి, రెండు కొసలనూ జాయింటుతో కలిపితే తేలే వలయం తయారవుతుంది. మొక్కలను అందులో ఉంచవచ్చు, లేదంటే వలయం లోపలి చోటును ఖాళీగా వదిలి మొక్కలను బయట ఉంచవచ్చు. మేత వేసే చోటు, లైటు కింద వెలుగు కావలసిన మొక్కలున్న చోటు, ఓవర్‌ఫ్లో ముందు చోటు ఇలా కాపాడుకోవచ్చు. నీరు ఆవిరై మట్టం తగ్గినా వలయం దానితో పాటే దిగుతుంది కాబట్టి ఇది నమ్మకమైన ఏర్పాటు. ఆరడుగుల తొట్టిలో ఒక కొసన కుదుపు, రెండో కొసన నిశ్చలంగా ఉండే నీరు ఉండేలా ఫిల్టర్‌ను అమర్చి, నిశ్చలంగా ఉన్న వైపు వలయం పెట్టడం అన్నిటికంటే మేలైన పద్ధతి. చిన్న తొట్టికి లేని ఈ వెసులుబాటు పెద్ద తొట్టికి మాత్రమే ఉంది.

ఏ మొక్క ఎక్కడ

పెద్ద తొట్టికి తగిన మొక్కల్లో ఒకటిగా అమెజాన్ ఫ్రాగ్‌బిట్ పేరు చెప్పడానికి బలమైన కారణాలున్నాయి. మధ్య, దక్షిణ అమెరికా నీళ్లలో పుట్టిన మొక్క ఇది. ఆకులు గుండ్రంగా, నాణెమంత ఉంటాయి. ఆకు అడుగున గాలి నిండిన స్పాంజి లాంటి పొర దాన్ని తేల్చి ఉంచుతుంది. సన్నని తీగలు సాగి పిల్ల మొక్కలు వేస్తుంది. ఆ తీగ పట్టుకుని లాగితే వరుసగా నాలుగైదు మొక్కలు ఒక్కసారే చేతికొస్తాయి, తీసే పని అంత సులువు. వేళ్లు 30 సెం.మీ. దాకా దిగుతాయి. రెండడుగుల ఎత్తున్న తొట్టిలో ఆ వేళ్ల మధ్య నుంచి చేపలు ఈదడం చూడముచ్చటగా ఉంటుంది. చిన్న తొట్టిలో అవే వేళ్లు ఇసుకను తాకి చిందరవందరగా కనిపిస్తాయి. దీనికి పడనిది మూత నుంచి కారే నీటి చుక్క. మూత బిగుతుగా ఉండి ఆవిరి పట్టి ఆకుల మీద రాలుతుంటే వారాల్లోనే మొక్క దిగజారుతుంది. అద్దం మూతను కొంచెం వాలుగా పెట్టి చుక్కలు ఒక పక్కకు జారేలా చేస్తే, లేదా ఒక పక్క గాలి ఆడేలా సందు వదిలితే సరిపోతుంది.

అంతర తామర, అంటే పిస్టియా, నిజంగా పెద్ద తొట్టికే తగిన మొక్క. మెత్తని నూగున్న ఆకులు పూవులా విచ్చుకుంటాయి, ఆ నూగు నీటిని నిలవనివ్వదు. బరువైన వేళ్ల కుచ్చు మొక్కను నిటారుగా నిలబెడుతుంది కాబట్టి ఒక మాదిరి కుదుపుకు తట్టుకుంటుంది. ఒక్కో మొక్క అరచేతంత ఎదిగి విడిగా ఎత్తి తీయడానికి వీలుగా ఉంటుంది. కాకపోతే దానికి మంచి వెలుగు కావాలి, నీటికీ మూతకూ మధ్య జానెడు ఖాళీ కావాలి. ఆ రెండూ లేకపోతే ఆకులు చదునుగా పరుచుకుని, పసుపెక్కి, రానురాను చిన్నవైపోతాయి. గుర్రపు డెక్క ఇంకా ఎక్కువ వెలుగు అడుగుతుంది. ఎండ తగిలే చెరువు మొక్క అది. ఇంటిలోపలి లైటు కింద దాన్ని బతికించడానికి పడే శ్రమకు ఫలితం దక్కదు.

సాల్వినియాకు అసలు వేళ్లే లేవు. ప్రతి కణుపు దగ్గరా మూడు ఆకులు పుడితే రెండు తేలుతాయి, మూడోది నీటిలోకి దిగి, చీలికలై, వేరు పని చేస్తుంది. తేలే ఆకుల మీది రోమాలు నీటిని దూరంగా నెట్టేస్తాయి. మునిగినా గాలి పొరను పట్టి ఉంచుకుని మళ్లీ పైకి వస్తాయి. అక్వేరియానికి సరిపోయేది చిన్న ఆకుల సాల్వినియా మినిమా. దాని రోమాల కొసలు విడివిడిగా ఉంటాయి. సాల్వినియా మొలెస్టాలో ఆ కొసలు మళ్లీ కలిసి చిట్టి పంజరంలా కనిపిస్తాయి. భూతద్దంతో చూస్తే తేడా తెలుస్తుంది, కొనేముందు చూడటం అవసరం కూడా; ఎందుకన్నది ముందు ముందు చెప్పుకోవాలి.

రెడ్ రూట్ ఫ్లోటర్ మీద మనసు పడని వాళ్లు తక్కువ. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్క శాస్త్రీయ నామం ఫిల్లాంథస్ ఫ్లూయిటాన్స్. ఉసిరి, నేల ఉసిరి ఉన్న ప్రజాతిలోదే. ఆ కుటుంబంలోంచి నీటి మీద తేలే బతుకు ఎంచుకున్న అరుదైన మొక్క. గట్టి వెలుగు ఉండి, నీటిలో నైట్రేట్ తక్కువగా ఉంటే ఆకులు మాణిక్యం రంగుకు తిరుగుతాయి. వెలుగు తక్కువైతే మామూలు పచ్చనే. కుదుపుకు అన్నిటికంటే తొందరగా లొంగిపోయేది ఇదే. చేపలు ఎక్కువగా ఉండి నైట్రేట్ పేరుకునే పెద్ద తొట్టిలో దీన్ని ఎర్రగా చూడాలనుకోవడం నిరాశకే దారి తీస్తుంది. మొక్కలే ప్రధానంగా, చిన్న చేపలు కొద్దిగా ఉన్న తొట్టిలో, వలయం లోపల పెట్టుకోవాలి.

వాటర్ స్ప్రైట్ గురించి ఇంకా ఎక్కువ మాట్లాడుకోవాల్సింది. అడుగున నాటగలిగే ఈ ఫెర్న్‌ను నీటి మీద వదిలేస్తే ఆకులు వెడల్పై, వేళ్లు దట్టమైన జాలరులా దిగుతాయి. ఒక్కో మొక్క పళ్లెమంత పెరుగుతుంది. ఆకు అంచుల మీదే పిల్ల మొక్కలు మొలుస్తాయి. బరువైనది కావడంతో ప్రవాహంలో అల్లల్లాడదు. తీయాలంటే రెండు చేతులతో ఎత్తేయడమే. ఒక మొక్క తీస్తే చిన్న మొక్కలు వలెడు తీసినట్టే. గప్పీ వంటి చేపల పిల్లలు దాక్కోవడానికి, గౌరామి చేప బుడగల గూడు కట్టుకోవడానికి ఇంతకంటే మంచి చోటు ఉండదు. ఆరడుగుల తొట్టికి ఒకే ఒక్క తేలే మొక్కను ఎంచుకోవాల్సి వస్తే ఓటు దీనికే.

డక్‌వీడ్‌ది వేరే కథ. అనుకూలమైన నీటిలో రెండు మూడు రోజుల్లో రెట్టింపవుతుంది, నైట్రేట్ లాగడంలో దిట్ట. కానీ ఒక్కో ఆకు కొన్ని మిల్లీమీటర్లే. వలకు, చేతి వెంట్రుకలకు, ఫిల్టర్ పైపుకు, ఇతర మొక్కల ఆకుల సందుల్లో అంటుకుంటుంది. ఒక్క ఆకు మిగిలినా మళ్లీ మొదలవుతుంది. పెద్ద తొట్టిలోకి ఒకసారి వచ్చిందంటే దాదాపు శాశ్వతం. ప్రదర్శన తొట్టిలో వద్దనుకోవడమే వివేకం. మొక్కలు తినే చేపలున్నవాళ్లు మాత్రం విడిగా ఒక టబ్బులో పెంచి, వలతో తోడి మేతగా వేయవచ్చు. గోల్డ్‌ఫిష్ ఇష్టంగా తింటాయి. అజొల్లా ఆకుల్లో నివసించే సయనోబ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. అంటే నీటిలోని నైట్రేట్ మీద అది అంతగా ఆధారపడదు. నైట్రేట్ తగ్గించడానికే మొక్క కావాలనుకునేవాళ్లు అజొల్లాను ఎంచుకోవడంలో అర్థం లేదు. రిక్సియా అందంగానే ఉంటుంది గానీ చిన్న తొట్టి మొక్క. పెద్ద తొట్టిలో ముక్కలై చెదిరిపోతుంది.

కింద ఉన్న చేపలను బట్టి

డిస్కస్ చేపలకు 28-30 డిగ్రీల వేడి, మసక వెలుగు నచ్చుతాయి. ఆ వేడిని ఫ్రాగ్‌బిట్, అంతర తామర, వాటర్ స్ప్రైట్ హాయిగా తట్టుకుంటాయి. అయితే వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుందని మరవకూడదు: 25 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాములు పట్టే నీటిలో 30 దగ్గర 7.5 మాత్రమే పడుతుంది. పైగా తేలే మొక్క తయారుచేసే ఆక్సిజన్‌లో చాలా భాగం గాలిలోకే పోతుంది. మొక్కలు ఎన్ని ఎక్కువ ఉంటే నీటిలో అంత ఆక్సిజన్ అన్న నమ్మకం మునిగి ఉండే మొక్కలకు వర్తిస్తుంది, వీటికి కాదు. నీటి పైభాగమంతా కప్పేస్తే గాలికీ నీటికీ మధ్య తెర కట్టినట్టే. రాత్రిపూట వేళ్లు, చేపలు, బ్యాక్టీరియా అన్నీ ఉన్నదాన్నే పంచుకోవాలి. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోరు తెరుస్తుంటే కారణం ఇదే కావచ్చు. పైభాగంలో మూడో వంతు వరకు మొక్కలు కప్పి ఉంటే సురక్షితం. సగం దాటనివ్వకూడదు. బెట్టా, గౌరామి వంటివి గాలి పీల్చడానికి పైకి రావాలి కాబట్టి వాటికి ఖాళీ చోటు మరీ ముఖ్యం.

అరవానా, హ్యాచెట్‌ఫిష్ లాంటి ఎగిరే చేపలు పైన నీడ ఉంటే నెమ్మదిస్తాయి. అలాగని మూత తీసేయకూడదు. గోల్డ్‌ఫిష్, సిల్వర్ డాలర్ వంటి మొక్కలు తినే చేపలు ఉన్నచోట ఏ తేలే మొక్కా వేళ్లతో మిగలదు. వేరు పోయిన మొక్క కొన్నాళ్లకు ఆకు కూడా వదిలేస్తుంది. అలాంటి తొట్టికి మొక్కలను సంప్‌లోనే పెంచడం ఉత్తమం. అక్కడ ఒక చిన్న లైటు పెట్టి, దానికి టైమర్ అమర్చితే చాలు. చేపలకు అందవు, కుదుపు తగలదు, మూత చుక్కలు పడవు, తీయడానికి స్టూలు అక్కర్లేదు. అందం కోసం కాకుండా నీటి కోసమే మొక్కలు కావాలనుకునేవాళ్లు ముందు ఆలోచించాల్సింది ఈ ఏర్పాటు గురించే.

తొట్టి అడుగున వెలుగు బాగా కోరే ఎర్ర కాడల మొక్కలున్నాయా, నీడకు ఓర్చే అనూబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకొరైన్ ఉన్నాయా అన్నది కూడా చూసుకోవాలి. రెండో రకానికి తేలే మొక్కల నీడ మేలే చేస్తుంది. నెమ్మదిగా పెరిగే ఆ ఆకుల మీద నాచు పట్టడం తగ్గుతుంది. మొదటి రకం ఉంటే వలయం తప్పనిసరి. చేపలు తక్కువై మొక్కలు ఎక్కువైన తొట్టిలో పోటీ పోషకాల కోసం కూడా జరుగుతుంది. తేలే మొక్కల వేళ్లు అతిగా పొడవై ఆకులు చిన్నవవుతుంటే నీటిలో పోషకాలు అడుగంటాయని అర్థం. కొత్త ఆకులు పాలిపోతే ఇనుము, పాత ఆకులు పసుపెక్కితే నత్రజనో పొటాషియమో చాలడం లేదని అనుమానించాలి.

తెచ్చేటప్పుడు, పారేసేటప్పుడు

కొత్తగా తెచ్చిన మొక్క మొదటి రెండు వారాల్లో పాత ఆకులు రాల్చడం మామూలే. మధ్యలో చిన్న చిగురు పచ్చగా ఉంటే భయం లేదు. వచ్చిన మొక్కను నేరుగా పెద్ద తొట్టిలో వేయకుండా ఒక బకెట్లోనో టబ్బులోనో పది, పదిహేను రోజులు ఉంచాలి. నత్తల గుడ్లు, ఆకుల మీది పేనుబంక, వేళ్లలో చిక్కుకుని వచ్చే డక్‌వీడ్ ఆ సమయంలో బయటపడతాయి. పేనుబంకకు మందు కొట్టకూడదు, రొయ్యలకు ప్రాణాంతకం. మొక్కలను కాసేపు నీటిలో ముంచితే తేలిన పురుగులను చేపలే తినేస్తాయి.

పారేసే విషయంలో ఉపేక్ష పనికిరాదు. ఆఫ్రికాలో జాంబియా, జింబాబ్వేల మధ్య కరీబా జలాశయం నిండుతుండగా 1959లో సాల్వినియా మొలెస్టా కనిపించింది. 1962 నాటికి దాదాపు 1,000 చదరపు కిలోమీటర్ల నీటిని కప్పేసింది. ఆ మొక్క విత్తనం లాంటిదేదీ వేయదు, స్పోరులు కూడా వంధ్యమే. తుంపు తెగి పెరగడంతోనే అంత విస్తరించింది. యూరోపియన్ యూనియన్ గుర్రపు డెక్కను 2016లో, సాల్వినియా మొలెస్టాను 2019లో, అంతర తామరను 2022లో ఆక్రమణ జాతుల జాబితాలో చేర్చింది. ఆ జాబితాలో ఉన్న మొక్కను అమ్మడం, పెంచడం కూడా అక్కడ నిషిద్ధం. కాబట్టి ఏ దేశంలో ఉన్నవాళ్లు ఆ దేశపు నిబంధనలు చూసుకున్నాకే మొక్క తెచ్చుకోవాలి.

తీసిన మొక్కలను కాలువలో, చెరువులో, మురుగు పైపులో వేయకూడదు. తొట్టి నీళ్లు పారబోసేటప్పుడు కూడా సన్నని గుడ్డలో వడకట్టాలి, ఆ నీటితో పాటు డక్‌వీడ్ వెళ్లిపోవచ్చు. గట్టి నేల మీద ఎండలో పలుచగా పరిచి, చేత్తో నలిపితే పొడయ్యేదాకా ఎండబెట్టాలి. ఆ తర్వాత కంపోస్టు గుంతలో వేస్తే చేపల మేత నుంచి వచ్చిన నత్రజనే మట్టిలోకి చేరుతుంది.